ఇరవయ్యో అంకె ఎక్కడికి పోయింది?

పిల్లలూ! ఈ కింది సంఖ్యను మీ నోటుపుస్తకంలో ఒక కొత్త పేజీ పైభాగాన రాసుకోండి. తొందరపడకుండా, ఒక్కొక్క అంకే చూసి రాయండి.

18446744073709551615

మొత్తం ఇరవై అంకెలు. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615 అవుతుంది. నోటితో చదవాలంటే 1,84,467 కోటి కోట్లు, ఆపైన 44,07,370 కోట్లు, ఆపైన 95,51,615 అనాలి.

ఇది ఎక్కడి సంఖ్యో మీలో చాలామంది పోల్చుకొనే ఉంటారు. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసుకుంటూ 64 గడులూ నింపితే వచ్చే మొత్తం గింజలు ఇవి. ఆట కనిపెట్టినవాడు రాజుగారిని ఈ బహుమానం అడగడం, రాజుగారు నవ్వి ఒప్పుకోవడం, తరువాత గాదెలు ఖాళీ కావడం మీకు తెలిసిన కథే. దాన్ని మళ్ళీ చెప్పను. ఈ సంఖ్య చివర ఉన్న 5 గురించే నేను మాట్లాడదలచుకున్నాను. ఆ 5 మన బళ్ళలో కనిపించకుండా పోతున్నది. అది మంచిది కాదని నా అభిప్రాయం.

పది అంకెలు చూపే కాల్కులేటరు మీద 2⁶⁴ ఎంతో అడిగి చూడండి. 1.844674407 అని చూపి, పక్కన 19 అని వేస్తుంది. అంటే 1.844674407 × 10¹⁹ అని అర్థం. ఎనిమిదో తరగతి పిల్లవాడు దీన్ని చూసి తన పుస్తకంలో 18446744070000000000 అని రాస్తాడు. రాసి, కింద రెండు గీతలు గీస్తాడు. లెక్క అయిపోయింది! కాని ఆ పది సున్నాలలో ఒక్కటి తప్ప మిగిలినవేవీ ఆ స్థానాల్లో ఉండవలసిన సున్నాలు కావు. యంత్రం దగ్గర చోటు లేక వదిలేసిన అంకెల జాగాలో మనవాడు సున్నాలు చుట్టాడు, అంతే.

ఎంత వదిలేశాడు? తీసివేసి చూడండి. 370,95,51,615 గింజలు. మామూలు బియ్యం గ్రాముకు సుమారు 50 గింజలు తూగుతాయనుకుంటే ఇది 74 టన్నుల బియ్యం. పది టన్నుల లారీలు ఏడు నిండి ఇంకా మిగులుతుంది. మా మోత్కూరులో వడ్ల కల్లాలు చూసి పెరిగిన పిల్లలకు ఏడు లారీలంటే ఎంతో చెప్పనక్కరలేదు. యాసంగిలో రైతులు తూకం దగ్గర బస్తాకు కిలో తరుగు తీస్తేనే ఊరుకోరు.

“మొత్తంలో అదెంత సార్?” అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. మొత్తం గింజలు అదే కొలతన దాదాపు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతటా ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నుల పైచిలుకు. అంటే దాదాపు 700 ఏళ్ళ పంట. సెకనుకు ఒక గింజ చొప్పున లెక్కపెడితే 58 వేల కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది; ఈ విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్ళే. దీని ముందు ఏడు లారీలు నిజంగానే ఏపాటివి?

ఇక్కడే ఒక భేదం గమనించాలి. నేను బడిలో చెప్పేది భౌతికశాస్త్రం. సూర్యుడు భూమికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని చెబుతాను. అది కొలిచిన సంఖ్య. ఏడాది పొడుగునా మారుతూ ఉంటుంది కూడా. అక్కడ చివరి అంకెల కోసం పట్టుబట్టేవాడికి విజ్ఞానశాస్త్రం అంటే ఏమిటో తెలియనట్టే. కాని చదరంగపు గింజలు కొలిచినవి కావు, ఎంచినవి. ఎంచిన సంఖ్యకు ‘సుమారు’ ఉండదు. ఒక గింజ ఎక్కువైనా, ఒకటి తక్కువైనా అది వేరే సంఖ్య అవుతుంది, దాని గుణాలు కూడా వేరే. పది ఘాతాలతో రాసే పద్ధతి కొలిచిన సంఖ్యలకు చాలా చక్కనిది. దాన్నే ఎంచిన సంఖ్యలకూ తొడిగి, ఇక చూడవలసిందేమీ లేదని పాఠం ముగించడం నాకు నచ్చదు.

ఇక్కడ మన భాషలోనే ఒక పాత సాక్ష్యం ఉంది. తొమ్మిది వందల ఏళ్ళకు పైబడిన మాట. వేంగి చాళుక్యుల కాలంలో పావులూరి మల్లన అనే కవి ఉండేవాడు. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలంలో సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ అనే గ్రంథాన్ని మల్లన తెలుగు పద్యాలుగా చేశాడు. ఉన్నదున్నట్టు దించలేదు, కొన్ని వదిలి, కొన్ని చేర్చాడు. జనం దాన్ని పావులూరి గణితం అని పిలిచారు. అందులో ఒక పద్యంలో చదరంగపు గడులలో రెట్టింపుల మొత్తాన్ని ఇరవై అంకెలతో సహా చెప్పాడు.

పద్యంలో ఇరవై అంకెలు ఎట్లా ఇమిడాయి? పూర్వం అంకెలకు బదులు వస్తువుల పేర్లు వాడేవారు. ఆకాశం అంటే 0. చంద్రుడు ఒక్కడే గనుక 1. కళ్ళు 2, అగ్నులు 3, వేదాలు 4, మన్మథుని బాణాలు 5, కులపర్వతాలు 7, దిగ్గజాలు 8, శరీరంలోని రంధ్రాలు 9. ఒక్కొక్కదానికి సంస్కృతంలో పది పర్యాయపదాలు ఉంటాయి గనుక, ఛందస్సుకు ఏది సరిపోతే అది వేసుకోవచ్చు. అంకెలను మాత్రం మనం ఇప్పుడు రాసే వరుసకు ఎదురుగా, ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు చెప్పుకుంటూ పోవాలి.

చూశారా విశేషం! మన కాల్కులేటరు మొట్టమొదట పారేసే అంకె దగ్గరే మల్లన పద్యం మొదలవుతుంది. ఆయన మొదటి మాట ‘శర’. అంటే బాణం, అంటే 5. పద్యం చంపకమాల. చంపకమాలలో ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. దాన్ని ప్రాస అంటారని తెలుగు సారు చెప్పే ఉంటారు. ‘శర’లోని ‘ర’ సరిగ్గా ఆ చోట కూర్చుంది. తాటాకుల మీద నకలు రాసేవాడు ఏమరుపాటున అక్కడ ఇంకో అంకె మాట వేస్తే ప్రాస చెడి, తప్పు పట్టుబడే అవకాశం ఎక్కువ. ఆ 5కు అట్లా ఒక కాపలా దొరికింది. పద్యం నడుమ ఉన్న మాటలకు ఇంత గట్టి కాపలా లేదు. ఒకే కొలత గల రెండు మాటలు తారుమారైతే చాలా చోట్ల ఛందస్సు దాన్ని పట్టుకోలేదు. అప్పుడు లెక్కే పట్టుకోవాలి. ఎట్లాగో కొంచెం ఆగి చూద్దాం.

ఈ సంగతి చెప్పగానే కొందరు “అన్నీ మనవాళ్ళే ముందు కనిపెట్టారు” అని ఛాతీ విరుస్తారు. వద్దు. ఖ్వారిజ్మ్ ప్రాంతంలో పుట్టిన అల్ బిరూనీ అనే మహా పండితుడు క్రీస్తుశకం 1000 ప్రాంతంలో అరబ్బీలో రాసిన గ్రంథంలో ఇదే సంఖ్యను లెక్కకట్టి ఇచ్చాడు. చివర 15 తో సహా. ఇద్దరికీ ఒకే జవాబు ఎందుకు వచ్చిందంటే సరైన జవాబు ఒకటే ఉంది గనుక. ఎవరు ముందు అనే పోటీకంటే ఆ జవాబును మనం కూడా రాబట్టగలమా అన్నదే మనకు ముఖ్యం.

రాబట్టగలం. 64 గడులూ విడివిడిగా కూడనక్కరలేదు. మొదటి గడిలో దొంగచాటుగా ఇంకొక గింజ పెట్టామనుకోండి. అక్కడ రెండు గింజలు అయ్యాయి. వాటిని రెండో గడిలోకి తోస్తే, అక్కడున్న రెండూ కలిసి నాలుగు. మూడో గడిలోకి తోస్తే ఎనిమిది. ఇట్లా తోసుకుంటూ పోతే 64వ గడి చివర 2⁶⁴ గింజలు ఒకే కుప్పగా పడతాయి. మనం అదనంగా పెట్టిన ఒక్క గింజ తీసేస్తే మొత్తం 2⁶⁴ − 1.

2⁶⁴ కోసం 63 సార్లు రెట్టింపు చేయాలా? అదీ అక్కరలేదు. వచ్చినదాన్ని దానితోనే గుణిస్తూ పోవాలి. 2, 4, 16, 256, 65536, 4294967296. వీటికి ఐదు గుణకారాలు. ఆరో గుణకారంతో మన సంఖ్య వస్తుంది. ఆ ఆరోది కొంచెం పెద్దదే. 4294967296 ను 42949, 67296 అని రెండు ముక్కలు చేయండి. ‘మొదటిదాని వర్గం, రెండింటి లబ్ధానికి రెట్టింపు, రెండోదాని వర్గం’ అనే సూత్రం మీకు వచ్చినదే.

42949 వర్గం 1844616601. దీని వెనుక పది సున్నాలు.
రెండింటి లబ్ధానికి రెట్టింపు 5780591808. దీని వెనుక ఐదు సున్నాలు.
67296 వర్గం 4528751616. దీని వెనుక సున్నాలు లేవు.

ఈ మూడూ ఒకదాని కింద ఒకటి స్థానాలు చూసి రాసి కూడండి. 18446744073709551616 వస్తుంది. ఒకటి తీసేయండి. నోటుపుస్తకంలో ఒక పేజీ, ఒక పీరియడు. ఇంత సులువైనదాన్ని ‘ఊహకందని సంఖ్య’ అని చెప్పి పిల్లలను దూరంగా నిలబెట్టడం ఎందుకు?

ఇక పరీక్షలు. నా చేతికి వచ్చిన ఒక క్విజ్ పుస్తకంలో ఈ సంఖ్య 18446744073790551615 అని అచ్చయింది. పైన మీరు రాసుకున్నదానితో పోల్చండి. ఒకచోట 09 ఉండవలసింది 90 అయింది. అచ్చులో రెండు అంకెలు స్థానం మార్చుకుంటే 8 కోట్ల 10 లక్షల గింజలు ఎక్కువయ్యాయి! దీన్ని సరైన జవాబు దగ్గర లేకుండానే పట్టుకోవచ్చా?

ముందు ఒకట్ల స్థానం చూడండి. రెండు ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6, మళ్ళీ 2, 4, 8, 6 అని తిరుగుతాయి. 64 ను 4 నిశ్శేషంగా భాగిస్తుంది గనుక 2⁶⁴ చివర 6; ఒకటి తీస్తే 5. అచ్చు తప్పుకు కూడా చివర 5 ఉంది. దాటిపోయింది.

తరువాత తొమ్మిదితో. అంకెలన్నీ కూడితే 87. మళ్ళీ కూడితే 15. మళ్ళీ కూడితే 6. రెండు ఘాతాలను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికి ఒకసారి తిరుగుతాయి. 64 ను 6 తో భాగిస్తే శేషం 4, వరుసలో నాలుగోది 7, ఒకటి తీస్తే 6. సరిపోయింది. కాని అంకెలు స్థానం మార్చుకున్నంత మాత్రాన మొత్తం మారదు కదా! తప్పు సంఖ్య దీన్ని కూడా దాటిపోతుంది.

ఇప్పుడు పదకొండుతో. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడండి: 5, 6, 5, 9, 7, 7, 4, 7, 4, 8. మొత్తం 62. విడిచినవి కూడండి: 1, 1, 5, 0, 3, 0, 4, 6, 4, 1. మొత్తం 25. తేడా 37. దాన్ని 11 తో భాగిస్తే శేషం 4. రావలసింది కూడా 4 యే: రెండు ఘాతాలకు 11 తో శేషాలు 2, 4, 8, 5, 10, 9, 7, 3, 6, 1 అని పదింటికి ఒకసారి తిరుగుతాయి, 64కు నాలుగోది 5, ఒకటి తీస్తే 4. మరి అచ్చు తప్పుకు? 9 ఈ గుంపులోంచి ఆ గుంపులోకి పోయింది గనుక 53, 34. తేడా 19, శేషం 8. దొరికిపోయింది! పక్కపక్కనున్న వేరువేరు అంకెలు రెండు తారుమారైతే పదకొండు పరీక్ష తప్పక పట్టుకుంటుంది. అయితే ఒక మాట: పరీక్షలో తప్పితే సంఖ్య తప్పన్నది ఖాయం, పరీక్ష నెగ్గినంత మాత్రాన సరైనదని ఖాయం కాదు. పదకొండు పరీక్షను దాటిపోయే తప్పులూ ఉంటాయి.

ఇంకొక చమత్కారం. కేవలం రెండును రెండుతో గుణించగా వచ్చిన ఈ సంఖ్యలో 0 నుంచి 9 వరకు అన్ని అంకెలూ ఉన్నాయి, ఒక్క 2 తప్ప! మల్లనకు తన పద్యంలో కళ్ళతో పని పడలేదన్నమాట. దీనికి లోతైన కారణం ఏదీ లేదు. అట్లా కుదిరింది, అంతే. సంఖ్యల గుణాలలో కారణం ఉన్నవీ ఉంటాయి, కాకతాళీయంగా కుదిరినవీ ఉంటాయి. రెండింటినీ వేరు చేయడం నేర్చుకోవాలి.

కారణం ఉన్న గుణం చూడాలంటే కారణాంకాలు తీయాలి. ఒక వర్గం నుంచి ఒకటి తీసేస్తే వచ్చేది రెండు సంఖ్యల లబ్ధమని మీకు తెలుసు. ఒకటి మూలం కంటే ఒకటి తక్కువ, రెండోది ఒకటి ఎక్కువ. 2⁶⁴ వర్గం, దాని మూలం 2³². కాబట్టి మన సంఖ్య (2³² − 1) × (2³² + 1). అందులో 2³² కూడా వర్గమే. మళ్ళీ విడగొట్టండి. అట్లా చివరిదాకా పోతే:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఎంత పొందికగా ఉందో చూడండి. 2, 4, 16, 256 అంటూ మనం పైకెక్కిన మెట్లకే ఒక్కొక్కటి చేర్చగా వచ్చిన సంఖ్యలివి. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా వీటిని చూసి, ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని నమ్మాడు. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోదాని దగ్గర ఆ నమ్మకం చెదిరింది. 1732లో ఆయిలర్ 4294967297 = 641 × 6700417 అని చూపాడు. గుణించి చూసుకోండి, ఐదు నిమిషాల పని.

641 ను ఆయిలర్ ఎట్లా పట్టాడు? గుడ్డిగా వెతకలేదు. ఈ సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చేదే అయి ఉండాలని ముందు రుజువు చేశాడు. 65, 129, 193, 257, 321 ఇట్లా. వీటిలో ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. అంటే ఐదో ప్రయత్నంలోనే దొరికింది. ఆలోచన ముందు, భాగహారం తరువాత. ఇంకొక సంగతి గమనించండి: 2³² కు దగ్గరి విలువ ఎంత బాగా తెలిసినా ఈ పని జరగదు. 4294967296 ను 641 భాగించదు; 4294967298 నూ భాగించదు. 4294967297 ను మాత్రమే భాగిస్తుంది. ఫెర్మా ఊహ నిలిచిందా కూలిందా అన్నది ఒకట్ల స్థానంలోని అంకె మీద ఆధారపడింది.

మొదటి ఐదింటి కథ ఇంకోటి. 1796లో గాస్ అనే కుర్రవాడు, ఇంకా పందొమ్మిదేళ్ళు నిండకముందే, స్కేలు, వృత్తలేఖినులతో 17 సమాన భుజాల బొమ్మ గీయవచ్చని కనుగొన్నాడు. 3, 5, 17, 257, 65537 అనే ఈ సంఖ్యలకే ఆ గుణం సంబంధించినది. మీ జామెట్రీ బాక్సుకూ చదరంగపు గింజలకూ చుట్టరికం అక్కడ కలిసింది.

మొత్తానికి మన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, అన్నీ వేరువేరు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, లేదా మానవచ్చు. కాబట్టి దీనికి భాజకాలు 2 × 2 × 2 × 2 × 2 × 2 × 2 = 128. చదరంగం ఎనిమిదో గడిలో ఎన్ని గింజలు ఉంటాయో అన్ని.

“ఇవన్నీ బాగానే ఉన్నాయి, కాని చేతిలో సెల్‌ఫోన్ ఉన్న కాలంలో ఇరవై అంకెలతో ఎవరికి పని?” అని తోటి ఉపాధ్యాయులే నన్ను అడిగారు. పని ఉంది. మామూలుగా వాడే కంప్యూటర్లు సంఖ్యలను 64 గడులలోనే దాచుకుంటాయి. గడిలో 1 గాని 0 గాని ఉంటుంది. 1 ఉంటే ఆ గడి గింజలు లెక్కకు వస్తాయి, 0 ఉంటే రావు. 100 కావాలంటే 64, 32, 4 గింజల గడులు చాలు. సున్నా నుంచి మన సంఖ్య దాకా ఏ సంఖ్యనైనా ఇట్లా గడులు ఏరి, సరిగ్గా ఒకే విధంగా చేయవచ్చు. అన్ని గడులలోనూ 1 ఉంటే వచ్చేదే 18446744073709551615. అరవై నాలుగు గడులలో ఇమిడే అతి పెద్ద పూర్ణాంకం అది. 2014లో యూట్యూబులో ‘గంగ్నమ్ స్టైల్’ అనే పాటను చూసినవారి లెక్క 2147483647 దాటింది. 32 గడులలో ఒకటి గుర్తు కోసం పోగా మిగిలిన 31 గడుల్లో పట్టే గరిష్ఠ సంఖ్య అది. ఆ లెక్క కోసం 64 గడులకు మారవలసి వచ్చింది.

కంప్యూటరుకు 64 గడులున్నా, పట్టికలు చేసే ప్రోగ్రాములు మామూలుగా సంఖ్యలో మొదటి 15 అంకెలనే నిలుపుకుంటాయి. ఆ తరువాతివి సున్నాలవుతాయి. దీనివల్ల ఏమవుతుందో ఒకసారి మా పిల్లలకే అనుభవమైంది. ఉపకార వేతనాల కోసం ఒకచోట టైపు చేసిన జాబితా సరిచూడమని పంపారు. పదకొండు మంది పిల్లలు, పదహారు అంకెల బ్యాంకు ఖాతా నంబర్లు. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కాగితం పట్టుకొని వచ్చి, “సార్, మా అందరి నంబర్లూ సున్నతోనే అయిపోతున్నయేంది?” అన్నది. పాస్ బుక్కులు తెప్పించి చూస్తే ఏ ఒక్కదాని చివరా సున్నా లేదు. ఆఖరి అంకెకు పది అవకాశాలూ సమానమనుకుంటే పదకొండు ఖాతాలకూ సున్నాయే పడే అవకాశం పదివేల కోట్లలో ఒకటి. నంబర్లను సంఖ్యలుగా కాక అక్షరాల మాదిరిగా టైపు చేయించి మళ్ళీ పంపాము. ఆ అమ్మాయి చూడకపోతే ఆ డబ్బులు ఎవరి ఖాతాను వెతుక్కుంటూ పోయేవో! పెద్ద సంఖ్య చివరి అంకె చూసే అలవాటు ఇందుకు కావాలి.

మీ ఆధార్ కార్డు చూడండి. పన్నెండు అంకెల్లో ఆఖరిది మిగిలిన పదకొండింటిని పరీక్షించడానికి లెక్కకట్టి వేసినది. ఏ ఒక్క అంకె తప్పినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టిస్తుంది. బడి గ్రంథాలయంలో పాత పుస్తకాల వెనుక పది స్థానాల సంఖ్య ఒకటి ఉంటుంది. కొన్నింటికి చివర అంకెకు బదులు ఇంటూ గుర్తు లాంటి అక్షరం కనిపిస్తుంది. అది పదకొండు పరీక్షే! శేషం కోసం పది అని వేయాల్సి వస్తే ఒక స్థానంలో పట్టదు గనుక ఆ అక్షరం వేశారు.

కాబట్టి నా సూచన ఇది. ఎనిమిదో తరగతిలో ఘాతాంకాల పాఠం అయ్యాక రెండు పీరియడ్లు ఈ ఒక్క సంఖ్యకు ఇవ్వాలి. కాల్కులేటర్లు, ఫోన్లు బల్లలోపల ఉండాలి. విలువను కంఠతా పట్టించకూడదు. ఇరవై అంకెలు బట్టీపట్టిన పిల్లవాడు నాకు అక్కరలేదు. పరీక్షలో అడిగితే నాలుగు సంఖ్యలిచ్చి ‘వీటిలో 2⁶⁴ − 1 కాలేనివి ఏవి, ఎందుకు?’ అని అడగాలి. పిల్లలు లెక్క చేయడానికి భయపడరు. ఆరో గుణకారం దగ్గర తప్పు వస్తే మొత్తం మళ్ళీ చేయాలేమోనని భయపడతారు. ఆ భయం తీసే ఉపాయం కూడా పదకొండులోనే ఉంది.

ప్రతి మెట్టు దగ్గర 11 తో శేషం పక్కన రాసుకోండి. 2కు 2. 4కు 4. 16కు 5. 256కు 3. 65536కు 9. 4294967296కు 4. ఆఖరి లబ్ధానికి 5. ప్రతి శేషాన్నీ దానితోనే గుణించి 11 తో భాగిస్తే తరువాతి శేషం వస్తుంది, చూసుకోండి. మీ కాగితం మీద ఈ వరుస మొదట ఎక్కడ తప్పిందో తప్పు ఆ గుణకారంలోనే ఉంది. దానికి ముందున్నవాటిని కొట్టివేయకండి. అక్కడి నుంచే మళ్ళీ చేయండి.